చెక్క ఉన్నన్ని రోజులు

పక్కింటి జోగారావు ఏడాది పొడుగునా నా చెవిలో ఒకటే మాట పోశాడు. కిటికీలు మార్చండి, కిటికీలు మార్చండి. పాల ప్యాకెట్ కోసం గేటు దాటితే అదే మాట. మెట్రో మెట్ల దగ్గర ఎదురుపడితే అదే మాట. తన చుట్టాల అబ్బాయికి కిటికీల దుకాణం ఉందని కార్డు కూడా తెచ్చిచ్చాడు. వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం అయిన రోజున నా చేతిలో ప్రసాదం పెడుతూ, మేడ మీద ఉన్న పదిమందికీ వినపడేలా, "ఊరందరికీ కొత్త బట్టలు కుట్టే టైలర్ గారు ఇంటి కిటికీలకి మాత్రం అతుకులు వేసుకుంటారండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం మర్చిపోలేదు. అందుకే ముందే చెబుతున్నాను. మా ఇంటికి జరిగిన దానిలో మొదటి దోషి జోగారావు. రెండో దోషి ఎవరో ఈ వారం మీకే అర్థమవుతుంది.

వరసగా చదువుతున్నవారికి గుర్తుండే ఉంటుంది. కొత్తగా వచ్చినవారికి నాలుగు ముక్కలు. మా అవ్వ, అంటే మా అమ్మ, కాంతవ్వ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. పంజాగుట్టలో పెద్దాస్పత్రిలో చేర్చాం. ఆపరేషన్ అయింది. నేనూ, నా భార్య సంగీతా వంతులేసుకుని ఆవిడ దగ్గర ఉంటున్నాం. అవ్వ ఇంట్లో లేని ఆ సమయం చూసుకుని, తూర్పు గోడకు ఉన్న మూడు పాత చెక్క కిటికీలూ చౌకట్లతో సహా పీకించి, పక్కకు జరిపే తెల్లని అద్దాల కిటికీలు పెట్టించాను. పనివాళ్లు రాత్రే వెళ్లిపోయారు. తెల్లారగానే నేను పిల్లవాడిలా అద్దాన్ని అటూ ఇటూ జరుపుకుంటూ మురిసిపోతున్నాను. అప్పుడు జోగారావు చేతిలో కొలతల టేపుతో మా పక్క జాగాలోకి వచ్చి నిలబడి, "ఇక మా స్థలం మాకిచ్చేయండి, రాజనర్సయ్య గారూ" అన్నాడు. అక్కడ ఆగాం.

ఆ పక్క జాగా గురించి చెప్పాలి. మైత్రీవనం వెనకాల మా గల్లీలో ఇప్పుడు ఎటు చూసినా హాస్టళ్లూ, కోచింగ్ బోర్డులూ, జిరాక్స్ దుకాణాలూ. ఇల్లు అనే మాటకు మిగిలినవి మాదీ, జోగారావుదీ. మా తూర్పు గోడకూ, వాళ్ల ప్రహరీకీ మధ్య ఒక మనిషి బకెట్ పట్టుకుని నడిచేంత వెడల్పున జాగా ఉంది. మా బట్టల తీగలు అక్కడే. గ్యాస్ బండ అక్కడే. పాత కిటికీల రెక్కలు అటువైపే తెరుచుకునేవి. నా మిషన్ మధ్య కిటికీ దగ్గర ఉంటుంది. పొద్దున మిషన్ మీద పడే వెలుతురులో నల్ల గుడ్డ మీద నల్ల దారం కూడా కనపడుతుంది. ఆ వెలుతురుతోనే నేను పిల్ల పెళ్లి చేశాను, ఇల్లు నడిపాను.

ఆ చెక్క కిటికీల కోసం అవ్వతో నేను పడ్డ గొడవలు ఇన్నీ అన్నీ కావు. నా బిడ్డ వెన్నెల పురిటికి వచ్చినప్పుడు మారుద్దామంటే, "కడుపుతోని ఉన్న పిల్ల ఇంట్ల ఉండంగ చౌకట్ పీకుతరార ఎవలన్న?" అంది. సరే అని ఊరుకున్నాను. పురుడు పోసుకుని పిల్ల వెళ్లిపోయాక అడిగితే ఆషాఢం అంది. ఆషాఢం పోతే మూఢం అంది. మూఢం పోయేసరికి మా మేనత్త పోయింది. "ఏడాది ఎల్లనియ్యి" అంది. ఆ ఏడాది కూడా వెళ్లింది. "నేను పోయినంక మార్చుకో" అంది. ఏటా వానలకు ముందు అవిసె నూనెలో గుడ్డ ముంచి రెక్కలకు తనే రుద్దేది. పగుళ్లలో రంపపు పొట్టు, గమ్ కలిపి కూరేది. చూసి నాకు ఒళ్లు మండేది. పిసినారితనం అనుకున్నాను. మూఢనమ్మకం అనుకున్నాను. నేను ఏడో తరగతితో బడి మానేసినవాడినే, అయినా ఆవిడకంటే తెలివైనవాడిని అనుకున్నాను.

ఇక ఆ రోజు సంగతి.

"ఏ స్థలం?" అన్నాను.

"మనం నిలబడ్డదేనండీ."

"పొద్దున్నే పరాచికాలా అన్నా?"

"పరాచికం ఎందుకండీ. మీ నాన్న భిక్షపతి గారు ఇల్లు కట్టేటప్పుడు గోడ తెచ్చి సరిగ్గా హద్దు మీద పెట్టేశారు. కిటికీ రెక్కలూ, సజ్జలూ మా వైపుకి వచ్చేశాయి. మా నాన్నగారు గొడవపడలేదు. ఆయన తన ప్రహరీనే లోపలికి జరిపి కట్టుకున్నారు. ఆ చెక్క ఉన్నన్ని రోజులు వాడుకో భిక్షపతీ, చెక్క మార్చిన రోజున మా జాగా మాకు వదిలెయ్ అన్నారు. మీ నాన్నగారు సరే అన్నారు. అంతే. కాగితం లేదు, సాక్షి సంతకం లేదు."

ఆయన తండ్రి కృష్ణమోహన్ గారు పోయి చాలా ఏళ్లయింది. మా నాయిన ఆయనకంటే ముందే పోయాడు. చచ్చిపోయిన ఇద్దరి మధ్య మాటను ఈయన ఇప్పుడు నా మీదికి తెస్తున్నాడని నాకు తల తిరిగింది.

"ఏమయ్యా, మా నాయిన మట్టిల కలిసిండని నోటికొచ్చింది మాట్లాడుతవా? గీ జాగా మాది. నా చిన్నప్పటి సంది మాది. కోర్టుకు పోత. మున్సిపల్ ఆఫీసుకు పోత. చూస్త నీ సంగతి!"

నా కేకలకు ఎదురు హాస్టల్ బాల్కనీల్లోకి కుర్రాళ్లు వచ్చారు. ఒకడు నోట్లో బ్రష్ పెట్టుకునే చూస్తున్నాడు. సంగీత వంటింట్లోంచి తడి చేతులతో పరుగెత్తుకొచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వు జర ఆగు. ఒర్రకు. అన్నా, నువ్వు చెప్పు. గట్లయితే ఇన్నేండ్లు ఎందుకు అడుగలే?" అంది జోగారావుతో.

"చెక్క ఉంది కదమ్మా" అన్నాడు ఆయన.

"ఏం చెక్క! చెద తిన్న చెక్క!" అన్నాను.

"చెద తిన్నా చెక్కేనండీ. కిందటేడు మా అద్దెవాళ్ల బండి ఇక్కడ పెట్టినప్పుడు మీరేమన్నారో గుర్తుందా?"

నాకు గుర్తుంది. బండిని కాలితో తన్ని పడేశాను. గల్లీ అంతా వినేలా 'ఇంటి కిరాయిలు చాలవా, ఇగ పక్కోళ్ల జాగ సుత మింగుతరా, దొంగలారా' అన్నాను. అప్పుడు జోగారావు గేటు దగ్గరే ఉన్నాడు. ఏమీ అనలేదు. అద్దె కుర్రాడితో బండి లేపించి లోపలికి తీసుకెళ్లాడు. ఆ రోజంతా నేను గెలిచినట్టు తిరిగాను.

"నన్ను దొంగన్నారు. నా స్థలంలో నిలబడి. నేనేమన్నా అన్నానా?" అన్నాడు జోగారావు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు బాగుండేది. "చెక్క ఉంది, మాట ఉంది అనుకుని లోపలికి పోయాను. మా ఆవిడ వారం రోజులు నన్ను తిట్టింది, మనిషివేనా అని."

సంగీత నా చెయ్యి వదిలేసింది.

"మరి ఏడాది సంది కిటికీలు మార్చుమని నా ఎంటవడ్డదెందుకు? కార్డు తెచ్చిచ్చిందెందుకు?" అన్నాను.

"ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేశానండీ. హాస్టల్ కడతాడు. జాగా మొత్తం చూపించమంటాడు. నాన్నగారి మాట దాటకుండా ఈ స్థలం నాకెలా వస్తుంది? మీరు మారిస్తేనే వస్తుంది. అందుకే మార్చమన్నాను. దొంగతనంగా వచ్చి మీ కిటికీలు నేను పీకలేదుగా." టేపు పట్టుకున్న చెయ్యి కిందికి దించాడు. "ఒక పని చేయండి. కోర్టుకి తర్వాత వెళ్దురుగాని. ముందు ఆస్పత్రికి వెళ్లి మీ అమ్మగారిని అడగండి. ఆవిడ అబద్ధం అంటే ఈ టేపు చుట్టేసుకుని ఇంట్లో కూర్చుంటాను. మళ్లీ ఎత్తను."

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒకటే స్టేషన్. ఎక్కి నిలబడే లోపల దిగాలి. ఆ కాసేపట్లోనే అవ్వను ఎలా అడగాలో మూడు రకాలుగా అనుకున్నాను. మొదటిది కోపంగా. రెండోది నవ్వుతూ, జోగారావుకు మతి పోయిందని చెబుతూ. మూడోది అసలు అడగకుండా ఇంటికి తిరిగి వచ్చి, కాదందని చెప్పేయడం. ఆ మూడోది మనసులోకి వచ్చినందుకు నన్ను నేను పెద్దగా తప్పు పట్టుకోలేదు. వార్డు గుమ్మం వరకూ అది నాతోనే వచ్చింది.

అవ్వ దిండుకు ఆనుకుని సంగీత పంపిన ఉప్మా తింటోంది. పక్క మంచం ఆవిడతో నా గురించే చెబుతోంది. "నా కొడుకు కుట్టిన ప్యాంటు పదేండ్లు తొడిగినా కుట్టు ఊడది." నేను వెళ్లి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. నీళ్ల సీసా అందించాను. ఆవిడ సీసా పట్టుకోలేదు, నా చెయ్యి పట్టుకుంది.

"గోర్లల్ల ఏందిరా ఇది, తెల్లగ?"

"గమ్."

"ఏం గమ్?"

అబద్ధం రాలేదు. "కిటికీలది" అన్నాను.

ఆవిడ చేతిలో చెంచా గిన్నెలో పెట్టింది. గిన్నె పక్కన పెట్టింది.

"ఎన్ని తీసినవ్?"

"మూడు."

"చౌకట్లతోని?"

"చౌకట్లతోనే."

కళ్లు మూసుకుంది. పక్క మంచం ఆవిడ ఇటు చూడటం మానేసి గోడవైపు తిరిగింది. అవ్వ కళ్లు తెరవకుండానే అడిగింది.

"జోగారావు వచ్చిండా?"

నేను అనుకున్న మూడు రకాల ప్రశ్నలకూ అదే జవాబు. నేను అడగనే లేదు. అడగాల్సిన పని లేకుండా పోయింది.

"వచ్చిండు" అన్నాను. "అవ్వా, మరి నాకెందుకు చెప్పలే? ఒక్క మాట చెప్తే నేను ముట్టుకుందునా వాటిని?"

"ఎట్ల చెప్పాలె కొడుకా? నువ్వు చిన్నగున్నప్పుడు మీ నాయిన నిన్ను ఆ జాగల నిలబెట్టి, ఆ గోడ దాంక మనదిరా అన్నడు. ఊకెనే అన్నడు, మురిపెంకొద్ది. నువ్వు బడికి పోయి దోస్తులందరికి చెప్పినవ్. ఇగ ఆయనకు నోరు రాలే. నీ ముంగట ఒకసారి గొప్ప జెప్పుకున్నంక, కాదురా, అది కృష్ణమోహన్ సారు దయతోని ఇడిసిపెట్టింది అని ఎట్లంటడు? పాణం పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకొని, కాంతా, వానికి చెప్పకు, చెక్కను చూసుకో అన్నడు." ఊపిరి తీసుకుంది. "చూసుకున్న."

నేను నీళ్ల సీసా మంచం పక్కన పెట్టాను.

"చెద పట్టిన కాడికి కోసి కొత్త ముక్క ఏపిచ్చిన. రెక్క తిరిగే బందులు పోతే బందులు మార్పిచ్చిన. రెక్కను మాత్రం ఎన్నడు మొత్తం దించనియ్యలే. కట్టెపని చేసే వడ్లాయన తిట్టేది, అమ్మా, దించి చేస్తె ఒక్క పూటల అయితది గద అని. దించితే మార్చినట్టే గద. గట్ల నిలబెట్టే బాగు చేపిచ్చిన."

"మరి మూఢం, ఆషాఢం..."

"నీకు చెప్పనీకి నాకు ఇంకేముండె? నువ్వు దేవునికి జర భయపడుతవ్. నాకైతే భయపడవు గద."

ఇది చదివేవాళ్లలో తల్లి ఉన్నవాళ్లు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోండి. కానీ మొత్తం విని తిట్టుకోండి. ఆవిడ జారిపడ్డ వారం ముందే, వాన జల్లు పాత రెక్క సందుల్లోంచి కొట్టి, పెళ్లివారికి ఇవ్వాల్సిన కోటు ముక్కలు తడిసిపోయాయి. ఆ కోపంలో నేను అవ్వ మొహం మీదే "నువ్వు, గీ కట్టె ఒక్కసారే పోతే నాకు పీడ పోతది" అన్నాను. ఆవిడ అప్పుడు కూడా గుడ్డతో కిటికీ అంచు తుడుస్తూనే ఉంది. ఆ మాట ఆవిడకు గుర్తుందో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం ఇవాళ్టికీ లేదు.

"అవ్వా, పాత రెక్కలు మళ్ల పెట్టిస్త. రేపే పెట్టిస్త" అన్నాను.

"ఏడున్నయ్ అవి?"

"ఎర్రగడ్డల పాత కట్టె దుకాణంల ఏసిన."

"వాడు కోసే ఉంటడు." ఆవిడ నా చేతి గోళ్లలో గమ్‌ను తన గోరుతో గీకడం మొదలుపెట్టింది, నేను చిన్నప్పుడు మట్టి తీసినట్టు. "కోయకపోయినా, ఎవలకు చూపిస్తందుకు పెడుతవ్? జోగారావు కండ్లతోని చూసె. ఇగ అయిపోయింది. పో, ఇంటికి పో. వాళ్లను కొలువనిచ్చి నువ్వు తలుపేసుకొని లోపల కూసోకు. టేపు నువ్వే పట్టు. నీ చేత్తోని కొలిచియ్యి. మీ నాయిన ఇచ్చిన మాట అది."

"గల్లీ అంత చూస్తది అవ్వా."

"బండిని తన్నిననాడు చూడలేదా?"

నాతో ఎన్నడూ అనలేదు గానీ, ఆ సంగతి కూడా ఆవిడకు తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రో ఎక్కలేదు. పంజాగుట్ట చౌరస్తా నుంచి ఫ్లైఓవర్ కింద దుమ్ములో నడిచే వచ్చాను. ఎంత మెల్లగా నడిచినా ఇల్లు వచ్చింది. గేటు దగ్గర సంగీత నా మొహం చూసింది. లోపలికి వెళ్లి కత్తెర తెచ్చింది. ఇద్దరం కలిసి బట్టల తీగలు కోశాం. ఆరీ ఆరని చీరలు చుట్టి భుజాన వేసుకుంది. గ్యాస్ బండను నేను దొర్లించుకుంటూ ముందు వరండాలోకి తెచ్చాను. ఇనుము నేల మీద చేసే చప్పుడుకు బాల్కనీలు మళ్లీ నిండాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడమే నాకు ఎక్కువ నొప్పి.

జోగారావు తన ప్రహరీ దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన బిల్డర్ మనుషులిద్దరు, సున్నం డబ్బాతో.

"అవ్వ ఒప్పుకున్నది" అన్నాను. ఆయన కళ్లలోకి చూడలేదు. "టేపు నాకియ్యి."

"అయ్యో, మీరెందుకండీ, మా వాళ్లున్నారుగా. మీరు లోపల కూర్చోండి."

"ఇయ్యన్నా."

ఇచ్చాడు. తల మాత్రం ఎత్తలేదు. గెలిచిన మనిషి మొహం అలా ఉండదు. నేను మా గోడ మొదట్లో మోకాళ్ల మీద కూర్చున్నాను. కొత్త కిటికీ అద్దంలో నా మొహం కనిపించింది. తల తిప్పుకున్నాను. టేపు డబ్బా గోడకు ఆనించి పట్టుకున్నాను. కొస జోగారావే అందుకున్నాడు, బిల్డర్ మనిషికి ఇవ్వకుండా. వెడల్పు చూశాం. తర్వాత పొడవు. ఇద్దరం వంగి, చిన్నపిల్లల్లా ఒకరికొకరం అంకెలు చెప్పుకున్నాం. బిల్డర్ మనిషి సున్నంతో గీత గీయడానికి వంగాడు.

"జోగీ! ఆ టేపు కింద పెట్టు."

వాళ్ల వరండాలోంచి వచ్చింది గొంతు. జోగారావు తల్లి అరుణాదేవి గారు. భర్త కృష్ణమోహన్ గారు పోయినప్పటి నుంచి ఆవిడ గుమ్మం దాటడం నేను చూడలేదు. నాలుగు కాళ్ల చేతికర్ర పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ దిగి, ప్రహరీ దాకా వచ్చింది. రొప్పుతోంది.

"అమ్మా, ఎండగా ఉంది, లోపలికి పదమ్మా. మాటయిపోయింది. కాంతమ్మ గారు కూడా ఒప్పుకున్నారు" అన్నాడు జోగారావు.

"ఆవిడ ఒప్పుకుంటుందిరా. ఎందుకు ఒప్పుకోదు? నోరు లేని మనిషి." ఆవిడ చెయ్యి ప్రహరీ మీద ఆనించింది. "మీ నాన్నగారు ఆ మాట అన్న రోజున ఇక్కడ నేనున్నాను, నువ్వు లేవు. చెక్క ఉన్నన్ని రోజులు అన్నారు, నిజమే. అంతవరకే చెప్పారు నీకు. ఊరికే వదిలారనుకున్నావా ఈ జాగా? దీనికి బదులుగా కాంతవ్వ దగ్గర మనం ఏం పుచ్చుకున్నామో నీకు చెప్పలేదు కదూ?"

జోగారావు చేతిలోంచి టేపు జారి, సర్రున నా వైపు చుట్టుకుంటూ వచ్చింది. అంచు తగిలి నా వేలు తెగింది.

ఆవిడ నా వైపు తిరిగింది. "నీకైనా చెప్పిందా నాయనా మీ అమ్మ?"

గల్లీ అంతా వింటోంది. సంగీత చీరలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి వింటోంది. మా అవ్వ గురించి పక్కింటావిడకు తెలిసినంత కూడా నాకు తెలియదని గల్లీ అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ క్షణాన నాకు ఖాయంగా తెలిసింది ఒక్కటే, ఇప్పుడే నా నోటితో నేను చదివిన కొలత. వెడల్పు మూడడుగులు, పొడవు ముప్పై రెండడుగులు. పది గజాల మీద ఆరు చదరపు అడుగులు.